తాగకుండా తూలిన మనిషి

పొద్దున్నే పొయ్యి ముట్టించకముందే మొగుడి చేత మాత్ర మింగించడం కదిరమ్మకు ఆ రెండు నెలల్లో అలవాటయింది. ఒక చేతిలో చెంబుతో నీళ్ళు, ఇంకో చేతిలో టి.బి. మాత్ర పట్టుకుని అతని ముందు నిలబడేది. అతను మింగి, నోరు తెరిచి చూపించేదాకా కదిలేది కాదు. ఒక్క రోజు తప్పినా జబ్బు మొండికేస్తుందని తాలూకా ఆసుపత్రిలో చెప్పారు. ఏడాది పైనే మింగాలన్నారు. డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో దగ్గుతూ దగ్గుతూ అతను తువ్వాలులో నెత్తురు చూపించిన రోజు పుట్టిన భయం ఆమెకు ఇంకా తీరలేదు.

ఆ రోజూ అట్లాగే నిలబడింది. వెంకటేశులు పెరట్లోంచి గోడ పట్టుకుని నడిచొచ్చాడు. రెండు అడుగులు నేరుగా వేసి, మూడో అడుగు పక్కకు వేశాడు. చెంబు అందుకోబోతే చెయ్యి గాలిలో తడుముకుంది. సగం నీళ్ళు పంచె మీద ఒలికాయి.

"పొద్దు పొడవకముందే మొదలు పెట్టినావా?" అంది కదిరమ్మ.

"ఏమి మొదలు పెట్టేది?" అన్నాడు. నాలుక మందంగా మడతపడి మాట ముద్దముద్దగా వచ్చింది.

"నోరు చూపీ."

దగ్గరికి వచ్చి వాసన చూసింది. సారాయి వాసన రాలేదు. అది ఆమె కోపాన్ని ఇంకా పెంచింది.

"వాసన రాకుండా ఏం తింటాండావు? ఎవరు నేర్పించినారు నీకు ఈ తెలివి?"

"తాగల్యాదు కదిరమ్మా. నీ మీద ఒట్టు. ఒళ్ళు తిరుగుతాండాది, అంతే."

"మా నాయన కూడా ఒట్టే పెట్టేవాడు," అంది ఆమె. లోపలికి పోయి పొయ్యి ముందు కూచుంది. గీసిన అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది.

కదిరమ్మ పుట్టిల్లు తనకల్లు. పన్నెండేళ్ళ వయసులో ఆమె సారాయి అంగడి ముందు నుంచి తండ్రిని భుజం మీద మోసుకొచ్చేది. చివరికి అతను ఒక మధ్యాహ్నం ఎండలో, ఇంటికి నూరు గజాల దూరంలో పడి చచ్చిపోయాడు. అందుకే ధర్మవరం సంబంధం వచ్చినప్పుడు సిగ్గు విడిచి తనే ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. పెళ్ళికొడుకు తాగుతాడా అని. చూడ్డానికి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి నల్లమ్మ దీపం ముందు చెయ్యి పెట్టి, "మా ఇంట్లో ఎవరూ చుక్క ముట్టరు తల్లీ" అంది. పదహైదేళ్ళు ఆ మాట నిజంగానే నిలబడింది. వెంకటేశులు పొద్దున మగ్గం తొక్కే గుంతలో దిగితే సాయంత్రానికి గాని ఎక్కేవాడు కాదు. అతను నేసిన పట్టుచీర కొంగు చూసి షావుకార్లు పేరు పెట్టి మరీ అడిగేవాళ్ళు.

అట్లాంటివాడు టి.బి. మాత్రలు మొదలుపెట్టిన నెల రోజులకు తూలడం మొదలుపెట్టాడు. మొదట్లో నీరసమనుకుంది. తర్వాత మాట తేడా వచ్చింది. కూచున్న చోట నిద్రపోయేవాడు. మాట్లాడుతుంటే కళ్ళు నిలకడగా నిలిచేవి కావు. జబ్బు వచ్చిందని దిగులుపడి తాగుడుకు దిగాడని ఆమె తేల్చుకుంది. కడుపులో దాచుకునే మనిషి కాదు గనుక కొళాయి దగ్గరా, పట్టుదారం కండెలు చుట్టేటప్పుడు పక్కింటి ఆడవాళ్ళ దగ్గరా చెప్పి ఏడ్చింది. వారం తిరిగేసరికి వీధి వీధంతా వెంకటేశులు తాగుబోతయ్యాడనే అనుకుంది.

ఆ పొద్దు సంకటి తిన్నాక అతను మగ్గం దగ్గరికి పోయాడు. నడుమింట్లో రెండు మగ్గాలు. ఒకటి అతనిది, ఒకటి తమ్ముడు లింగప్పది. వెంకటేశులు మగ్గం మీద పెళ్ళిచీర ఒకటి ముగింపుకు వచ్చింది. మిగిలింది కొంగు మాత్రమే. షావుకారు మనిషి హనుమంతప్ప మర్నాడు వచ్చి తీసుకుపోతానన్నాడు.

"అన్నా, ఈ పొద్దు నువ్వు కూచోవద్దు," అన్నాడు లింగప్ప. "కొంగు నేను నేస్తా."

"నా చీర నేనే నేస్తా."

"నీ కాలు నీ మాట వినడం ల్యాదు. చెప్తే ఇనుకో."

వెంకటేశులు వినలేదు. గుంతలోకి కాలు దించబోతే కాలు అంచు మీద పడి జారింది. పట్టుకోవడానికి ఏదీ దొరక్క ఒళ్ళంతా ముందుకు పడిపోయింది. బిగువుగా లాగి కట్టిన పడుగు మీద పడ్డాడు. పట్టుదారాలు వందలుగా ఒక్కసారి తెగిన చప్పుడు వంటింట్లో ఉన్న కదిరమ్మకు కూడా వినిపించింది.

ఆమె వచ్చేసరికి లింగప్ప అన్నను రెక్క పట్టుకుని గుంతలోంచి లాగుతున్నాడు. పదమూడేళ్ళ కూతురు చెన్నమ్మ గోడకు కరుచుకుని నిలబడి ఉంది.

"ఇది మనిషి చేసే పని కాదప్పా," అన్నాడు లింగప్ప. పళ్ళు కొరుకుతూ అన్నాడు. "పెళ్ళి చీర. ఎవరి బిడ్డో కట్టుకునేది. తాగి దాని మీద పడినావు."

"తాగల్యాదురా."

లింగప్ప చెంప మీద కొట్టాడు. పదకొండేళ్ళు పెద్దవాడైన అన్నను అతను అంతవరకు ఒరే అని కూడా అనలేదు. కొట్టాక తన చెయ్యి తనే చూసుకున్నాడు. వెంకటేశులు తిరిగి కొట్టలేదు, తిట్టలేదు. తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు.

"కొట్టు లింగప్పా," అంది కదిరమ్మ. "ఇంకోటి కొట్టు. మా నాయన్ను కొట్టేవాళ్ళు లేకనే సచ్చినాడు."

నల్లమ్మ దేవుడింట్లోంచి పరుగున వచ్చి కొడుకుల మధ్య నిలబడింది. అరవై దాటిన మనిషి. "కొట్టద్దురా. వాడు తాగేవాడు కాదు. నాకు తెలుసు."

"తాగకపోతే ఎందుకు తూలుతాడు? చెప్పు అత్తా. నీకు తెలిస్తే చెప్పు."

నల్లమ్మ వంగి తెగిన దారాలు ఏరడం మొదలుపెట్టింది.

"చెప్పవు. కొడుకు గదా," అంది కదిరమ్మ. "చెన్నమ్మా, నీ బట్టలు మూట కట్టు. మధ్యాహ్నం బస్సుకు తనకల్లు పోతాండాం. ఒక తాగుబోతును మోసిన బుజం ఇది. ఇంకొకన్ని మొయ్యదు."

"నేను రాను," అంది చెన్నమ్మ.

"నిన్ను అడగల్యాదు."

పోయేముందు సీసా ఎక్కడ దాచాడో చూపించి పోవాలనిపించింది ఆమెకు. అతని పెట్టె తెరిచి బట్టలన్నీ నేల మీదికి విసిరింది. సీసా లేదు. అడుగున, పాత పంచె మడతలో, కాగితం పొట్లం ఒకటి దొరికింది. అందులో తెల్లటి మాత్రలు. తను రోజూ ఇచ్చే టి.బి. మాత్రలు కావు.

ఆ పొట్లం చూడగానే నల్లమ్మ ముఖం పాలిపోయింది. లాక్కోవడానికి చెయ్యి చాచింది.

"ఇట్లియ్యి. అవి బలానికి."

"బలానికైతే పంచె మడతలో ఏంటికి దాచినాడు?" కదిరమ్మ పొట్లం వెనక్కి పెట్టుకుంది. "ఇప్పుడు అర్థమైంది. సారాయి అయితే వాసన వస్తాదని మత్తు మాత్రలు మింగుతాండాడు. నీకు తెలుసు. తెలిసి తెలిసి నా సంసారాన్ని తగలబెట్టినారు తల్లీ కొడుకులు."

"అది కాదు కదిరీ."

"మరేంది?"

నల్లమ్మ చెన్నమ్మ వైపు చూసి తల తిప్పుకుంది.

వెంకటేశులు గోడకు ఆనుకుని కూచున్నాడు. ఇంత గొడవలోనూ కళ్ళు మూతలు పడుతున్నాయి. కాసేపటికి పక్కకు ఒరిగి, పొద్దున తిన్న సంకటి అంతా కక్కేశాడు. కూతురు లేపితే కళ్ళు తెరిచాడు గాని, తను ఎక్కడున్నదీ అతనికి తెలిసినట్లు లేదు. "నాయనా, నాయనా" అని చెన్నమ్మ ఏడవడం మొదలుపెట్టింది. లింగప్ప బయటికి పోయి జట్కా తెచ్చాడు. ఆ మధ్యాహ్నం బస్సు కదిరమ్మ ఎక్కింది గాని, అది తనకల్లు పోయే బస్సు కాదు. అనంతపురం పెద్దాసుపత్రికి పోయే బస్సు. చెన్నమ్మను పక్కింట్లో విడిచి అత్తా, మరిదీ కూడా వచ్చారు. దారి పొడుగునా ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మాత్రల పొట్లం కదిరమ్మ కొంగున ముడివేసి ఉంది. డాక్టరు ముందర అందరికీ చూపించాలనే పట్టుదలతో తెచ్చింది.

ఆసుపత్రిలో చూసింది నడివయసు డాక్టరమ్మ. మాటలు తక్కువ. వెంకటేశులు మంచం పక్కన నిలబడి ఒక వేలు అతని ముఖం ముందు పెట్టి కుడికీ ఎడమకీ నెమ్మదిగా జరిపింది. అతని కళ్ళు వేలి వెంట పోతూ పోతూ అదిరిపడినట్లు కొట్టుకున్నాయి.

"తాగుడేనమ్మా," అంది కదిరమ్మ. "సారాయి కాదు, మత్తు మాత్రలు. ఇదో చూడు." ముడి విప్పి పొట్లం ఇచ్చింది.

డాక్టరమ్మ ఒక మాత్ర తీసి తిప్పి చూసింది. తర్వాత వంగి అతని పై పెదవి పైకెత్తింది. చిగుళ్ళు ఉబ్బి పళ్ళను సగందాకా కప్పేశాయి. కదిరమ్మ ఆ చిగుళ్ళు పెళ్ళయినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. వాళ్ళ వంశమే అంత అని నల్లమ్మ అప్పట్లో చెప్పింది.

"ఎన్నేళ్ళుగా మింగుతున్నాడు ఈ ఫిట్స్ మాత్రలు?"

"ఫిట్స్ మాత్రలా?" కదిరమ్మ తనకు మాట సరిగా వినపడలేదనుకుంది. "ఈయనకు ఫిట్స్ లేవమ్మా."

"ఈ మందు ఏళ్ళ తరబడి మింగితే చిగుళ్ళు ఇట్లా ఉబ్బుతాయి. మీలో ఎవరికి తెలుసు?"

డాక్టరమ్మ ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూసి, "చెప్పకపోతే నేను మందు ఇవ్వలేను" అంది. మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూచున్న నల్లమ్మ తల ఎత్తకుండానే చెప్పింది.

"తొమ్మిదో ఏట మొదలైనాయి తల్లీ. హిందూపురంలో ఒక డాక్టరు ఈ మాత్ర రాసిచ్చినాడు. రోజుకొకటి. అప్పటి నుంచి నేనే తెప్పిస్తాండా. వానికి పంతొమ్మిదేండ్లప్పుడు ఆఖరుసారి వచ్చినాయి. మళ్ళీ రాల్యాదు."

"ఇప్పుడు కూడా రోజుకు ఒకటేనా?"

"నెల కిందట తూలు మొదలైంది. ఫిట్స్ తిరగబెడతాండాయని బయపడినాం. రెండు మింగరా అని నేనే చెప్తి."

డాక్టరమ్మ పొట్లం మడిచి తన దగ్గర పెట్టుకుంది. తర్వాత కదిరమ్మకు అర్థమయ్యేటట్లు చెప్పింది. ఒంట్లోకి పోయిన ఫిట్స్ మందును కాలేయం ఏ రోజుకారోజు ఖర్చు చేసేస్తుంటుంది. టి.బి. మాత్ర ఆ పనికి అడ్డం పడుతుంది. అందరికీ కాదు, కొందరికి. అడ్డం పడితే ఫిట్స్ మందు ఖర్చు కాక నెత్తురులో పేరుకుపోతుంది. పేరుకుంటే మనిషి అచ్చం తాగినవాడిలాగే తూలుతాడు, మాట ముద్దవుతుంది, నిద్రలో పడిపోతాడు. ఉన్నది చాలక మీరు ఇంకొకటి మింగించారు. ఇంకో వారం గడిస్తే ఏమయ్యేదో చెప్పలేను అంది.

"అయితే ఆ టి.బి. మందు ఆపేద్దామమ్మా," అన్నాడు లింగప్ప.

"ఆపితే టి.బి. చంపుతుంది. ఫిట్స్ మందు పూర్తిగా మానేస్తే ఫిట్స్ చంపుతాయి. రెండూ ఉండాలి. ఫిట్స్ మందు పేరుకున్నది దిగేదాకా ఇక్కడ నా కళ్ళ ముందు ఉంచి, తర్వాత కొలత తగ్గించి ఇస్తాను. మీ అంతట మీరు ఏదీ పెంచొద్దు, తగ్గించొద్దు." డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ అడిగింది. "టి.బి. మందు ఇచ్చిన రోజు, వేరే మందులేమన్నా మింగుతున్నావా అని అడగలేదా అక్కడ?"

అడిగారు. కదిరమ్మకు ఆ క్షణం కళ్ళ ముందు కనిపించింది. బల్ల వెనక మనిషి అడిగాడు. వెంకటేశులు ఆమె వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఏమీ లేవప్పా" అన్నాడు. ఆమె పక్కనే నిలబడి ఉంది కాబట్టి అన్నాడు.

వరండాలోకి రాగానే ఆమె అత్త మీద విరుచుకుపడింది. గొంతు పెద్దది చేయలేదు. అందుకే లింగప్పకు ఎక్కువ భయం వేసింది.

"పదైదేండ్లు అత్తా. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి కాడ. ఒక్కనాడన్నా చెప్పబుద్ది కాల్యాదా?"

"చెప్తే పిల్లనిస్తారా ఎవరన్నా?"

"పెండ్లి ముందర చెప్పొద్దులే. బిడ్డ పుట్టినాక చెప్పొచ్చు గదా. ఆసుపత్రిలో చెప్పొచ్చు గదా. పొద్దున లింగప్ప కొట్టినప్పుడు చెప్పొచ్చు గదా."

"పాప నిలబడి ఉండాది ఆడ. నాయనకు ఫిట్స్ అని తెలిస్తే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారు?" నల్లమ్మ గొంతులో కూడా కసి వచ్చింది. "నువ్వు అడిగింది తాగుతాడా అని. నేను అబద్దం చెప్పల్యాదు."

"అడగనిదంతా దాచిపెట్టేదానికి సత్యం చేసినావా దీపం ముందర? నా చేత్తో నేనే రోజూ మింగించినా ఆ మాత్ర. నోరు తెరువు, చూపీ అని. నువ్వు చూస్తా కూచున్నావు."

"నాకేం తెలుసు ఆ రెండూ పడవని?"

"నీకు తెలీదు. నాకు తెలీదు. తెలిసినోళ్ళకు మీరు చెప్పల్యాదు."

నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. లింగప్ప వాళ్ళిద్దరికీ దూరంగా మెట్ల మీద కూచుని, అన్నను కొట్టిన చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. చిన్నప్పుడు ఒకసారి తనను గబగబా బయటికి పంపి తలుపు వేయడం, లోపల ఏదో దడదడమని కొట్టుకోవడం అతనికి గుర్తొచ్చింది. అప్పుడతనికి ఎనిమిదేళ్ళు. ఏమైందని తర్వాత అడిగితే, పిల్లి అని చెప్పింది తల్లి.

మూడు రోజులు వెంకటేశులు ఎక్కువగా నిద్రలోనే ఉన్నాడు. నాలుగో రోజు మంచం మీద లేచి కూచుని కాఫీ అడిగాడు. మాట ఒక్కటి కూడా తొట్రుపడలేదు. ఆ మాట విని కదిరమ్మ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఇన్ని రోజుల తర్వాత మొగుడి గొంతు మొగుడి గొంతులాగా వినిపించింది.

"కొట్టు అన్నావు," అన్నాడు అతను కాఫీ తాగుతూ. "వినపడింది."

"వినపడాలనే అంటి."

దుప్పటి సర్ది ఆమే మళ్ళీ అంది. "ఆ మాట నేను మరిచిపోలేను. నువ్వూ మరిచిపోవద్దులే. కానీ నువ్వు నాకు ఎందుకు చెప్పల్యాదు?"

"చెప్తే పోతావనుకుంటి."

"పోయేదాన్ని," అంది కదిరమ్మ. "కొత్తల్లో అయితే పోయేదాన్నేమో. పాప పుట్టినాక పోయేదాన్ని కాదు. నువ్వు ఆ మాత్రం కూడా నన్ను నమ్మల్యాదు."

అతను గ్లాసు కింద పెట్టాడు. కళ్ళు తుడుచుకోవడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. "ఇంటికి పోయినాక ఒకటి చెయ్యి. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు. తాగినాననే అనుకోనీ వీధి. తాగుబోతు కూతుర్ని ఎవరన్నా చేసుకుంటారు. ఫిట్స్ వాని కూతుర్ని చేసుకోరు."

కదిరమ్మ వంగి ఆ గ్లాసు చేతిలోకి తీసుకుంది. తాగుబోతు కూతురు తనే. తనను చేసుకున్నది ఈ ఇల్లే. తండ్రి ఎండలో పడి చచ్చిన సంగతి ధర్మవరంలో అందరికంటే ముందు తెలిసింది నల్లమ్మకే. కోడళ్ళను పుట్టింటి పేరెత్తి పొడిచే అత్తలు వీధిలో ఎందరో. నల్లమ్మ మాత్రం ఈ పదహైదేళ్ళలో, ఎంత గొడవ జరిగినా, ఒక్కసారి కూడా నీ నాయన తాగుబోతు అనలేదు. ఆ పూటదాకా కదిరమ్మ ఆ సంగతి గమనించనైనా లేదు.

ఆమె వరండాలోకి పోయింది. నల్లమ్మ ఆ నాలుగు రోజులూ సరిగా తిండి తినలేదు. పొట్లంలోని అన్నం అట్లాగే ఉంది. కదిరమ్మ పక్కన కూచుని పొట్లం విప్పి ముద్ద కలిపింది.

"తిను. నీకు కూడా ఒక మంచం అడగమంటావా ఈడ?"

నల్లమ్మ ముద్ద అందుకుంది గాని నోట్లో పెట్టుకోలేదు. "నేనే చంపుకుంటాంటి వాన్ని. రెండు మింగరా అని."

"నేను ఒకటి, నువ్వు రెండు," అంది కదిరమ్మ. "ఇద్దరం కలిసే మింగించినాం. ఇంగ ఏడవద్దు. కానీ అత్తా, ఒక మాట. ఇంటికి పోయినాక దీన్ని దాచేది నావల్ల కాదు. రేపు పాపకు ఏ జొరమో వస్తాది, ఈయనకు ఇంకో జబ్బు వస్తాది, ఇంకో డాక్టరు ఇంకో మాత్ర ఇస్తాడు. మళ్ళీ నోరు మూసుకుంటామా? చెప్పాల. దాచింది నువ్వు. చెప్పేది కూడా నీ నోటితోనే రావాల."

నల్లమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది.

తొమ్మిదో రోజు డాక్టరమ్మ పంపించింది. ఒకే చీటీ మీద రెండు మందులూ రాసి, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఇది చూపించండని కదిరమ్మ చేతికే ఇచ్చింది. నలుగురూ బస్సు దిగేసరికి ధర్మవరంలో ఎండ మాడిపోతోంది. బస్టాండులో బీడీ అంగడి ముందు షావుకారు మనిషి హనుమంతప్ప, ఇంకో నలుగురైదుగురు నేతగాళ్ళు నిలబడి ఉన్నారు. లింగప్ప ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో అన్న మోచెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోకపోయినా వెంకటేశులు నేరుగానే నడుస్తున్నాడు.

"ఏమప్పా వెంకటేశులూ," అన్నాడు హనుమంతప్ప. "దిగిందా? పెండ్లి చీరను ముంచినావే. ఇంగ ఎవరిస్తారప్పా నీకి పట్టు?"

పక్కవాళ్ళు నవ్వారు. వెంకటేశులు తల దించుకుని ముందుకు నడవబోయాడు. లింగప్ప సంచి కింద పెట్టేశాడు. కొట్లాటకు దిగుతాడేమోనని కదిరమ్మ అడుగు ముందుకు వేసింది. అంతలో వెనక నుంచి నల్లమ్మ గొంతు వినిపించింది.

"నా కొడుకు తాగడప్పా."

అందరూ అటు తిరిగారు. ఎండలో కొంగు కూడా కప్పుకోకుండా ముసలామె నిలబడి ఉంది. గొంతు నిలకడగా ఉంది.

"వానికి తొమ్మిదో ఏట నుంచి ఫిట్స్. మాత్రలతో బాగుండాడు. టి.బి. మాత్రలు, ఆ మాత్రలు ఒకదానికొకటి పడక తూలినాడు. ఆసుపత్రోళ్ళు అడిగితే చెప్పల్యాదు. ఎందుకంటే నేనే దాచిపెట్టించినా. కోడలికి కూడా చెప్పనియ్యల్యాదు. మీరు ఎవర్నన్నా అనాలంటే నన్ను అనండి."

ఎవరూ నవ్వలేదు. హనుమంతప్ప చేతిలో బీడీ కాలుతూనే ఉంది. ముప్పై ఏళ్ళుగా మూసిపెట్టిన నోరు ఒక్కసారి తెరిచి అలసిపోయింది. నల్లమ్మ కూలబడబోతుంటే కదిరమ్మ పోయి రెక్క కింద చెయ్యి వేసి పట్టుకుంది.

"తాగినాడని వీధంతా చెప్పుకుంటా తిరిగింది నేను," అంది కదిరమ్మ హనుమంతప్ప వైపు చూస్తూ. "అది కూడా అబద్దమే. ఇంటింటికీ పోయి అబద్దమని నేనే చెప్పుకుంటా. పా అత్తా, ఎండగా ఉండాది. పాప ఎదురు చూస్తా ఉంటాది."

నల్లమ్మ కోడలి భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడుస్తూ నడిచింది. ఆ బరువును కదిరమ్మ ఇల్లు చేరేదాకా దించలేదు.